వదిన గీసిన బ్లాక్

మార్చి 4, మంగళవారం

రివ్యూ అయింది. నా సర్క్యూట్ పోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా ల్యాబ్‌లో తయారయ్యే ఎలక్ట్రానిక్ కార్డు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు టైము అందిస్తుంది. బయటినుంచి రెండు క్లాకులు, అంటే టిక్ టిక్‌మనే సిగ్నళ్ళు, వస్తాయి. కార్డులోని పీఎల్ఎల్ అనే సర్క్యూట్ వాటిలో ఒకదాన్ని పట్టుకుని, దాని అడుగులో అడుగు వేస్తుంది. ఆ క్లాకు ఆగిపోతే రెండోదానికి మారాలి. మారే క్షణంలో అడుగు తడబడుతుంది. నా సర్క్యూట్‌లో తడబాటు నలభై నానోసెకన్లు. పదహారేళ్ళుగా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

మరదలు, అంటే మా తమ్ముడి భార్య, మా ల్యాబ్‌లో చేరి పద్నాలుగు నెలలు. ఉద్యోగం ఇప్పించింది నేనే. ఆమె చేసిందల్లా రెండు క్లాకుల మధ్య తేడా ముందే కొలిచి పెట్టుకోవడం, మారేటప్పుడు ఆ తేడాను తీసేయడం. మారినట్టు పీఎల్ఎల్‌కే తెలియదు. తడబాటు ఒక్క నానోసెకను లోపు.

ఇంత చిన్న సంగతి పదహారేళ్ళలో ఎవరికీ తట్టలేదేం అన్నారు చీఫ్. ఎవరికీ అంటే నాకు. పద్నాలుగున కస్టమర్ వస్తాడు. డెమో నెగ్గితే కొత్త కార్డు, లీడ్ ఆమె. లేకపోతే పాత కార్డే, లీడ్ నేనే.

మార్చి 5

ఇది అసూయ కాదు. తేదీ వేసి మరీ రాస్తున్నాను.

మార్చి 9, ఆదివారం

తమ్ముడింటికి వెళ్ళాను. అమ్మ అక్కడే ఉంటుంది. గుమ్మంలోనే అందుకుంది. మా కోడలు గడియారాలు మారుస్తుందట, చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా రాదట, పై ఫ్లాట్ ఆవిడక్కూడా చెప్పానంది. మరి నేనో అని అడిగాను. నీది వైర్ల పని కదే అంది. తమ్ముడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మరదలు అడ్డం పడి, అయ్యో అత్తయ్యా, ఇదంతా వదిన దగ్గర నేర్చుకున్నదే కదా అంది.

నా దగ్గర నేర్చుకోలేదు. నాకే రాదు.

మార్చి 11, ఉదయం 10

ఆమె బోర్డు ముందు ఒక రిలే పెట్టాను. ఇరవై సెకన్లకోసారి క్లాకు తెంపేస్తుంది. సిగ్నల్‌ని గీతగా చూపించే స్కోప్ ప్రతి మార్పునూ రాసుకుంటుంది. సోల్డరింగ్ చేసే ఆయన్ని ల్యాబంతా బాబాయ్ అంటాం. ఎవరు చెయ్యమన్నారమ్మా ఇది అని అడిగాడు. ప్రొసీజర్ అన్నాను. ఆ ప్రొసీజర్ మా ఇంట్లోనూ ఉందిలే, మా ఆవిడకీ దాని తోడికోడలికీ మధ్య అన్నాడు.

మార్చి 12, ఉదయం 9

4,140 సార్లు మారింది. అన్నిటికన్నా పెద్ద తడబాటు 0.8 నానోసెకను. మహాతల్లి.

మధ్యాహ్నం 2.25

5,115వ సారి. ఇరవై ఆరు నానోసెకన్లు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సంతోషంతో. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇక డైరీ ఎందుకు? గ్రాఫ్ ప్రింట్ తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం మరదలు వచ్చి, వదినా, నా బోర్డు మీద ఏదో పెట్టారట, తేడా ఏమైనా కనిపించిందా అంది. స్కోప్ కాలిబ్రేషన్ అన్నాను. హమ్మయ్య అని, నా బాటిల్లో నీళ్ళు తాగి వెళ్ళింది.

మార్చి 13

కారణం తెలియకుండా నలుగురిలో నోరు తెరవకూడదు. రోజంతా వెతికాను.

రెండు క్లాకుల టిక్కుల అంచులు సరిగ్గా ఒకేసారి వచ్చి పడితే, తేడా కొలిచే బ్లాక్, అంటే సర్క్యూట్‌లో ఆ ముక్క, ఏది ముందో తేల్చుకోలేదు. నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఆమె సర్క్యూట్ ఆ అంకెను నమ్మి అంత తేడా తీసేస్తుంది. ఆమె ఆలోచనలో తప్పు లేదు. ఆ బ్లాక్ ఆమెది కాదు, పాత కార్డునుంచి తీసుకుంది. పాత కార్డులో దాని పని ప్యానెల్ మీద అంకె చూపించడమే. ఎప్పుడో ఒకసారి తప్పు చూపించినా ఎవరికీ పట్టలేదు.

డ్రాయింగ్ తెరిచాను. కింద గడిలో పన్నెండేళ్ళ కిందటి తేదీ. నా సంతకం.

మార్చి 14, శుక్రవారం

కస్టమర్ ఎదుట ఆమె నలభై సార్లు మార్చి చూపించింది. స్కోప్ మీద గీత చెక్కుచెదరలేదు. ఎవరికైనా అనుమానాలున్నాయా అన్నారు చీఫ్. గ్రాఫ్ తీసి బల్ల మీద పెట్టాను. డ్రాయింగ్ పెట్టలేదు.

కస్టమర్ పెన్ను మూత పెట్టేశాడు. నిర్ణయం వచ్చే వారానికి వాయిదా.

బయట వరండాలో ఆమె నన్ను ఆపింది. అన్నీ రెండేసి సార్లు చూశాను వదినా, కొలిచే బ్లాక్ ఒక్కటే చూడలేదు, మీరు గీసింది కదా, చూస్తే మిమ్మల్ని అనుమానించినట్టుంటుందని వదిలేశాను అంది. అందులో ఏముంటుంది, ఇంకెక్కడో వెతుకు అన్నాను.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మార్చి 15

తమ్ముడి ఫోన్. అది బోర్డు ఇంటికి తెచ్చుకుని తిండీ తిప్పలూ మానేసి కూర్చుంది, నీ మాటైతే వింటుంది, ఒకసారి చెప్పక్కా అన్నాడు. సరే అన్నాను. చెప్పలేదు.

మార్చి 17, సోమవారం

మరదలి రిపోర్టు వచ్చింది. ఒకటే పేజీ. లోపం కొలిచే బ్లాకులో. మందు కూడా రాసింది. ఆగి ఆగి మూడుసార్లు కొలవాలి, మూడూ ఒక్కటైతేనే నమ్మాలి.

ఆ బ్లాక్ ఎవరు గీశారో ఎక్కడా లేదు. చీఫ్ అడిగితే, ఎప్పటిదోనండీ, పాతది అందట. బాబాయ్ చెప్పాడు. నా మొహంలోకి చూస్తూ చెప్పాడు.

ఇప్పుడు నా పరువు కూడా ఆమె పెట్టిన భిక్ష.

మార్చి 19

పనిగట్టుకుని అంచులు ఒకేచోట పడేలా చేసి, మూడు వేల సార్లు మార్చి చూపించింది. తడబాటు 0.7. కస్టమర్ ఒప్పుకున్నాడు. లీడ్ ఆమే. అమ్మ ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 21, ఉదయం 11

చీఫ్‌కి మెయిల్ పంపాను. బ్లాక్ నాది. తప్పు నాది. పదమూడునే నాకు తెలుసు. పద్నాలుగున దాచాను. కాపీ మరదలికి.

11.10

ఆమె వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. తప్పు మీ బ్లాకులోదని శనివారమే తెలిసింది వదినా, మీరే చెప్తారని ఆగాను అంది. చెప్పకపోతే ఎన్నాళ్ళు ఆగేదానివి అన్నాను. ఏమో, ఆగేదాన్నే అంది.

ఇప్పుడు ఆ ఓపిక చూసి కుళ్ళుగా ఉంది.