ఈ వారం బండి ఎవరు లాగాలి?

అక్కా,

బావగారు చేతికర్రతో వీధి చివరిదాకా నడిచారనీ, తిరిగొచ్చేటప్పుడు ఆ కర్రని చంకలో పెట్టుకుని వచ్చారనీ రాశావు చూడు, ఆ ముక్క పైకి చదువుకున్నాను. పైకి అంటే నా ఇప్పటి గొంతు ఎంత పైకి వస్తే అంత. ఆయన మొండితనం గురించి నువ్వు పేజీ నిండా మొత్తుకున్నావు గానీ, ఆయన్ని మంచం మీంచి లేపింది ఆ మొండితనమే. మనింటి అల్లుడయ్యాక అంటుకున్న గుణం అది.

ఉత్తరం చివర్లో ఏదో మామూలు మాటలా అడిగావు. "ఆదివారం ఆటకి మళ్ళీ వెళ్ళకూడదటే? నేనంటే ఊరు మారాను, మంచం పట్టిన మనిషిని వదిలి కదల్లేకపోయాను. నీకేమొచ్చింది?" అని. నాకేమొచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. షిఫ్టులు కుదరడం లేదంటే నమ్మావు. నమ్మినట్టు నటించావేమో కూడా. ఆటలో దొంగవేషం కట్టినదానివి, నీకు నటన కొత్తా?

మొన్న మా స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయికి ఆ ఆట సంగతి చెప్పాల్సి వచ్చింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళం తలా ఒక మనిషిగా ఆ కథలోకి దిగుతాం, గోడ దూకుతామనో రాజుని బురిడీ కొట్టిస్తామనో చెబుతాం, అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది అన్నాను. "అంటే పెద్దవాళ్ళు కూర్చుని బొమ్మలాట ఆడతారా మేడం?" అంది. అవును తల్లీ అన్నాను. పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో, రోగులు కూర్చునే ముందు గదిలో, పుచ్చిపోయిన దంతం బొమ్మ కింద ఆడతాం. కథ చెప్పేది లెక్కల మేడం. ఆడేది డాక్టరు, వైరింగ్ పని చేసే కరెంటు తమ్ముడు, నువ్వు, నేను. నువ్వు చేతివాటం అనే దొంగవి, బల్ల మీద నీ గుర్తు పిన్నీసు. నేను ఊరూరా దండోరా వేసే చాటింపుని, నా గుర్తు యూనిఫాం నుంచి ఊడిన ఇత్తడి బొత్తాం.

అందరూ అన్నిటికీ పాచిక వేయాలి. చాటింపు అరుపుకి మాత్రం పాచిక లేదు. నేను నిజంగా అరవాలి, అరిస్తే ఎంతటి తలుపైనా తెరుచుకోవాలి. ఒకసారి నా అరుపు విని, లోపల ఎవరికో మత్తివ్వకుండా పన్ను పీకుతున్నారనుకుని దారినపోయేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, గుర్తుందా? "అబ్బే, ఆటండీ" అని అందరికీ చెప్పుకోలేక డాక్టరు నానా తంటాలు పడ్డాడు. ఆ రోజే కదా నాకు బాకా అని పేరు పెట్టారు.

ఆపరేషన్‌లో గడ్డతో పాటు గొంతూ పోయింది. అది నీకు తెలుసు. తెలియనిది ఇది. మాట్లాడవచ్చని చెప్పిన రోజున మొట్టమొదటి ఫోను క్లినిక్ ల్యాండ్‌లైన్‌కి, డాక్టరుకే చేశాను. "ఆదివారం వస్తున్నాను" అన్నాను. "ఎవరు? ఎవరండీ? రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. అన్నేళ్ళు పక్కన కూర్చుని ఆడినవాడు! నాకది ఈ రోజుకీ మింగుడు పడలేదు. మళ్ళీ చేయలేదు. వాళ్ళు చేస్తే ఎత్తలేదు. షిఫ్టులని మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. కోటలు బద్దలు కొట్టిన మనిషి ట్యూబులోంచి గాలి పోతున్నట్టు మాట్లాడితే, వాళ్ళు జాలిగా తలలాడిస్తారు. అది నేను చూడలేను.

ఇక్కడ స్టేషన్లోనేమో, రైళ్ళ రాకపోకలు చెప్పే మైకు ముందు నుంచి లేపి నన్ను పోగొట్టుకున్న వస్తువుల గదిలో గొడుగులకి కాపలా పెట్టారు. అయినా ప్లాట్‌ఫాం మీద ఇప్పటికీ మోగేది నా పాత రికార్డే. గుండ్రంగా, ఠీవిగా. దాని కింద నిలబడి నేను "మీ గొడుగు ఏ రంగండీ?" అంటే, "కాస్త గట్టిగా చెప్పమ్మా" అంటారు. బాధ లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ గొంతు విన్నప్పుడల్లా, ఇది నాదే అని ఇప్పటికీ మెడ నిటారుగా నిలబడుతుంది. త్వరలో దాన్ని తీసేసి మిషన్ గొంతు పెడతారట.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. వాళ్ళు నా గొంతు తీసేసేలోపు నా చాటింపుని నేనే సాగనంపుతాను. ఈ ఆదివారం వెళ్ళి లెక్కల మేడంని అడుగుతాను, దర్జాగా ఒక వీరమరణం ఇప్పించమని. "మనిద్దర్నీ ఎప్పుడో ఏ గుంటలోనో పూడ్చేసి ఉంటార్లే" అన్నావు నువ్వు. అలా అయితే ఆ గుంట ఎక్కడుందో కనుక్కుని వస్తాను. రానివాళ్ళని చంపకూడదు, బండిలో పడుకోబెట్టి లాక్కెళ్ళాలి, లాగేవాళ్ళ పాచికలో రెండు తగ్గించాలి అని నియమం పెట్టింది నువ్వే అనుకో. "ఊరికే లాగితే బరువేం తెలుస్తుంది?" అని వాదించావు కూడా. అయినా అది కరెంటు తమ్ముడు తన పెళ్ళికని ఒక్క వారం మానేసినప్పటి మాట. ఇన్నేళ్ళు ఎవరు లాగుతారు?

నీ చెల్లెలు

*

అక్కా,

నన్ను జైల్లో వేశారు! కంగారు పడకు, ముందు నుంచీ చెబుతాను.

క్లినిక్ తలుపు తోసేసరికి ముగ్గురూ ఆటలో మునిగి ఉన్నారు. పుచ్చుదంతం బొమ్మ ఇంకా అక్కడే ఉంది, రంగు వెలిసి ఇప్పుడు ఆ పన్ను నాదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తోంది. లెక్కల మేడం జుట్టు పూర్తిగా తెల్లబడింది, కళ్ళజోడు మీంచి చూసే చూపు మాత్రం అదే. ఎవరూ ఏమీ అనకముందే నేను అనేశాను, "నా చాటింపుని చంపించుకోవడానికొచ్చాను" అని.

నా గొంతు విని డాక్టరు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయాడు. కరెంటు తమ్ముడు "బాకా అక్కా, జలుబా?" అన్నాడు పాపం. ఉన్నది చెప్పాను. వాళ్ళకెవరికీ తెలియదు అక్కా! రోజూ స్టేషన్లో నా రికార్డు వింటున్నారు కదా. "ఇంత చక్కగా పలుకుతోంది, మనకోసం మాత్రం తీరిక లేదు" అని నన్ను తిట్టుకుంటున్నారట ఇన్నాళ్ళూ.

డాక్టరు మొహం చూస్తుండగానే ఎర్రబడింది. "ఆ రోజు ఫోను... అది నువ్వా?" అన్నాడు.

"నేనే."

"ఎవడో ఆకతాయి ఫోన్ చేసి బుసలు కొడుతున్నాడనుకున్నానే! వాడి మీద ఫిర్యాదు కూడా ఇచ్చాను!"

ఒక్క క్షణం ఒళ్ళు మండింది. తర్వాత, ఆ ఆకతాయి కోసం ఎవరో అధికారి వెతకడం ఊహించుకున్నాను. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది గానీ ఆపుకున్నాను. నా నవ్వు ఇప్పుడెలా ఉంటుందో నాకే తెలియదు, నలుగురిలో నవ్వింది లేదు.

లెక్కల మేడం ఇదంతా పట్టించుకోలేదు. "చంపుతాను, నాకేం అడ్డం? కానీ నిద్రపోయేవాళ్ళని చంపడం నా లెక్కలో లేదు. ముందు లే" అంది. అప్పుడు చూశాను బల్ల మీదకి. స్విచ్ బోర్డు మూతకి తీగతో చక్రాలు చుట్టిన చిన్న బండి. పైన క్లినిక్ దూది, దుప్పటిలా కప్పి ఉంది. మేడం దూది కొస ఎత్తి నా ఇత్తడి బొత్తాం తీసి బల్ల మీద పెట్టింది. అది తళతళలాడుతోంది. ఎవరో తుడుస్తూనే ఉన్నారన్నమాట.

"ఈ వారం బండి ఎవరు లాగాలి అని తేల్చుకునే ఆట మొదలుపెడతాం" అన్నాడు కరెంటు తమ్ముడు. "తాళ్ళవంతెన మీద బండి పట్టదని చుట్టూ తిరిగి ఎడారిలోంచి వచ్చాం. డాక్టరుగారి కత్తి అక్కడే పోయింది." డాక్టరు ఆ కత్తి గురించి ఇంకా బాధగానే ఉన్నాడు. నేను బొత్తాం చేతిలోకి తీసుకుని, తిప్పి చూసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టాను.

సరే, చాటింపు లేచింది. ఎదురుగా కోట తలుపు. "పిలు" అంది మేడం. నిలబడి, ఊపిరంతా పోగేసి, "తలుపు తీయండి" అన్నాను. ఫ్యాను చప్పుడే దానికన్నా గట్టిగా ఉంది. డాక్టరు కళ్ళు తిప్పుకున్నాడు. కరెంటు తమ్ముడు, వాడి మంచితనం చల్లగుండ, "మేడం, తీసేద్దాం. వినపడిందనుకుందాం" అన్నాడు.

అదే నేను భయపడ్డది. బల్ల మీద చెయ్యేసి కొట్టాను. పాచికలన్నీ ఎగిరిపడ్డాయి. "జాలితో తీసిన తలుపులోంచి నేను లోపలికి రాను. పాచిక ఇవ్వండి" అన్నాను.

"నేనూ అదే అనబోతున్నా" అంది మేడం. "పదిహేను దాటాలి."

"పది చెయ్యండి మేడం" అన్నాడు తమ్ముడు.

"పదిహేనంటే పదిహేనే. బళ్ళో మా అబ్బాయికే మార్కులు కలపలేదు, ఈమెకి కలుపుతానా?"

ఆ మాటకి ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది అక్కా. పాచిక వేశాను. మూడు పడింది!

మేడం ఏమాత్రం తడుముకోలేదు. కావలివాళ్ళు కిటికీలోంచి చూశారట, గుసగుసలాడేవాళ్ళు గూఢచారులై ఉంటారని నన్ను రెక్క పట్టి లాక్కెళ్ళి చీకటి కొట్లో పడేశారట. అందరూ నా మొహంలోకి చూశారు. నేను నవ్వాను. ఈల, దగ్గు, తలుపు కిర్రుమనడం కలిసినట్టుంది నా నవ్వు. ఎవరూ తలాడించలేదు. డాక్టరు మాత్రం "ఇది మా పాత కంప్రెసర్ చప్పుడు" అన్నాడు, అంతే, అందరం పడీ పడీ నవ్వాం.

ఓడిపోయాను. అందరిలాగా, లెక్క ప్రకారం, ఒక్క మార్కు కలపకుండా ఓడిపోయాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా నాలో నేను చెప్పుకున్నాను, నన్ను జైల్లో వేశారు అని. వీరమరణం సంగతి అడగడమే మర్చిపోయాను.

నీ చెల్లెలు, ప్రస్తుతం ఖైదీ

*

అక్కా,

మేడం గురించి నువ్వు రాసిన "చింత చచ్చినా పులుపు చావలేదు" అన్న మాట ఆవిడకే చెప్పాను. చాలా ఆనందించింది.

స్టేషన్లో నా గొంతు తీసేశారు. మిషన్ గొంతు శుభ్రంగానే ఉంది, తప్పేమీ లేదు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆ సాయంత్రమే ఒకాయన బ్యాగు కోసం వచ్చి "గట్టిగా చెప్పండి" అన్నాడు. "నేను గట్టిగా చెప్పను, మీరే దగ్గరికి రండి" అన్నాను. వచ్చాడు. చెవి ఒగ్గి బుద్ధిగా విన్నాడు. ఇన్నాళ్ళూ ఆ ముక్క నాకెందుకు తోచలేదో!

ఇక జైలు. డాక్టరు వీరుడి వేషంలో కత్తి లేకుండా వచ్చి, జైలరు పన్ను చూసి మందిచ్చి తాళం పట్టాడు. ఏ కథలో వేసినా ఆయన చివరికి చేసేది అదే పని. బయటపడ్డాం. ఎదురుగా వాగు, పొంగి పారుతోంది. నేను ఉత్సాహంగా అన్నాను, "నేను లేచాను కదా, ఇంకా ఈ బండి ఎందుకు? ఇక్కడే వదిలేద్దాం, ఎవరి పాచికా తగ్గక్కర్లేదు" అని.

ముగ్గురూ నా వంక చూశారు. కరెంటు తమ్ముడు మెల్లగా అన్నాడు, "బండి ఖాళీ అని ఎవరన్నారు?"

దూది మొత్తం ఎత్తి చూపించాడు. నీ పిన్నీసు. తుప్పు పట్టకుండా నూనె రాసి, దూదిలో ఒత్తుగా ఒక గూడు చేసి పెట్టారు. నా బొత్తాం పడుకున్న గుంట దాని పక్కనే ఉంది. నీ నియమమే అక్కా. నువ్వు పెట్టావు, వాళ్ళు పాటించారు. ఎడారిలో, కొండ మీద, నన్నే కాదు, నిన్ను కూడా లాక్కొచ్చారు. ఇలాంటివాళ్ళతో ఆడానని తలుచుకుంటే, ఏ ప్లాట్‌ఫాం మీద మోగినప్పుడూ కలగనంత గర్వం కలిగింది నాకు.

"ఈ వారం ఎవరు లాగాలి?" అని అడిగింది మేడం, ప్రతి వారం అడిగినట్టే. డాక్టరు చెయ్యెత్తబోయాడు. నేను ఆ చెయ్యి కిందకి లాగి, బండి నా ముందుకు జరుపుకున్నాను.

కాబట్టి నీకు తొందరేం లేదు. బావగారు కర్ర పూర్తిగా వదిలేశాకే రా. లేదా ఆయన్నీ వెంటపెట్టుకుని రా, మేడం దగ్గర ఆయన మొండితనానికి తగిన వేషాలు చాలా ఉన్నాయి. అప్పటిదాకా హాయిగా నిద్రపో.

వాగు దాటడానికి పాచిక వేస్తే పదకొండు పడింది. పది దాటితే చాలు. కానీ బండి లాగుతున్నందుకు రెండు పోయి తొమ్మిదైంది. మెడలోతు నీళ్ళలో పడి నిలువునా తడిశాను. బండిని మాత్రం నెత్తికెత్తుకున్నాను, నీ దుప్పటి కొస కూడా తడవలేదు.

నీ బాకా