అరువు టీకప్పు

అక్కా,

నాటకం అయ్యాక తెర వెనక్కి వస్తావని ముఖానికి రంగు కూడా కడుక్కోకుండా కూర్చున్నాను. రాలేదు. అమ్మగారి శాలువా పట్టుకుని కారెక్కాల్సి వచ్చిందేమో. తెల్లారేసరికి మా లారీ పక్క ఊరికి కదిలింది. అందుకే ఈ ఉత్తరం.

ఎలా చేశాను చెప్పు! తాతల నాటి నాటకం, ఎందరో ఆడి అరగదీసిందే. పనిపిల్ల చేతిలో టీకప్పు పగిలిందని ఓ పెద్దింటావిడ ఆమెను వెళ్లగొడుతుంది. ఆ తర్వాత ఎవరూ పనిలో పెట్టుకోరు. చివరికి పిల్ల నదిలో దూకుతుంది. విచారణకొచ్చిన అధికారి వేషం నాది. ఇంటిల్లిపాదీ "నేనేం చేశాను?" అని తప్పుకుంటుంటే ఒక్కొక్కరి చేతా నిజం కక్కించాలి. నాటకాలు లేనప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చుకుంటూ చదివిన కరపత్రాలన్నీ ఆ పూట నా గొంతులోకి వచ్చేశాయక్కా! ముందు వరసలో మీ అయ్యగారు కాలు మీద కాలేసుకుని, అమ్మగారు మెడనిండా ముత్యాలతో. చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. "ఒక కప్పు ఖరీదు ఒక ప్రాణమా?" అని ఆగిపోవాలి, పుస్తకం ప్రకారం. నేను ఆగలేదు. బల్లమీది కప్పు తీసి నేలకేసి కొట్టాను. హాలంతా లేచి నిలబడింది! మీ అమ్మగారు రుమాలుతో కళ్లు ఒత్తుకోవడం కళ్లారా చూశాను.

లోపలికి రాగానే మేనేజరు "ఒరేయ్, అది అరువు సామానురా!" అని నెత్తి కొట్టుకున్నాడు. తెలుసుగా, ప్రతి ఊళ్లోనూ ఓ పెద్దింటి నుంచి కుర్చీలూ కప్పులూ అడిగి తెచ్చుకుని, తెర లేచేముందు వాళ్ల పేరు చదవడం మావాళ్ల అలవాటు. ఈసారి నువ్వే మీ అమ్మగారిని అడిగి ఇప్పించావు. ఒక కప్పు పోతే వాళ్ల కొంపేం మునిగిపోదులే అన్నాను.

ఒక్క మాట. ఆ ఇంట్లో పని మానెయ్యి. ఎన్నాళ్లని తల వంచుకుంటావు? కాస్త పౌరుషం తెచ్చుకో.

నువ్వు వెక్కిరిస్తూ పిలిచే
నీ కరపత్రం

*

అక్కా,

నీ జవాబు అందింది. కవరు మీద పిన్ని ఇంటి చిరునామా చూడగానే నువ్విక ఆ ఇంట్లో లేవని తెలిసిపోయింది. "మానెయ్యమన్నావు, వాళ్లే మానిపించారు. నీ మాట ఇంత తొందరగా చెల్లుతుందనుకోలేదురా" అని రాశావు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. "కప్పు పగలగానే అందరూ లేచి నిలబడ్డారు. నేను ముందునుంచీ వెనక గోడ దగ్గర నిలబడే ఉన్నాను. నాకు మాత్రం కూలబడాలనిపించింది." ఈ ముక్క దాటి ముందుకు పోలేకపోతున్నాను.

నేరుగా మీ ఇంటికి, కాదు, ఆ ఇంటికి వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికే వెళ్లాను. అయ్యగారు ఎదురొచ్చి భుజం తట్టారు. "ఏమోయ్ అధికారీ, మమ్మల్ని కూడా జైల్లో పెడతావా? రా, కూర్చో!" కూర్చోబెట్టారక్కా, నువ్వు తుడిచిన సోఫాలోనే.

"కప్పు పగలగొట్టింది నేనండీ. మా అక్క కాదు" అన్నాను.

"తెలుసయ్యా! కళాకారుడికి ఆ మాత్రం ఆవేశం లేకపోతే ఎలా?"

"మరి మా అక్కని..."

అమ్మగారు అందుకున్నారు. "అది వేరు బాబూ. నమ్మి ఇంటి సామాను దాని చేతికిచ్చాను. ఇవాళ కప్పు, రేపు ఇంకోటి. ఒకర్ని చూసీ చూడనట్టు వదిలేస్తే మిగతావాళ్లు నెత్తికెక్కుతారు."

నాటకంలో పెద్దింటావిడ అనేది అక్షరం పొల్లుపోకుండా ఇదే. "అమ్మగారూ, ఈ మాట నాటకంలో ఉందండీ" అన్నాను.

"అవును కదూ!" ఆవిడ కళ్లు మళ్లీ చెమ్మగిల్లాయి. "పాపం, నదిలో దూకిన ఆ పిల్లని తలుచుకుని రాత్రంతా నిద్ర పట్టలేదు, తెలుసా?"

ఇంతలో కొత్త పనమ్మాయి టీ తెచ్చింది. అదే సెట్టు. కప్పు అందిస్తూ ఆ పిల్ల రెండో చెయ్యి దాని కిందే పట్టి ఉంచింది. నా చేతికి కప్పొచ్చింది, ఎదురుగా వాళ్లిద్దరూ ఉన్నారు, నా నోటినిండా డైలాగులున్నాయి. ఆ పిల్ల నా పక్కనే నిలబడి నా చేతికేసే చూస్తోంది. టీ తాగలేదు. కప్పుని సాసరులో చప్పుడు కాకుండా పెట్టి, సాసరుని బల్ల మధ్యకి జరిపి, లేచి వచ్చేశాను.

నాటకం మానేశాను. మేనేజరు నా వేషం ఇంకొకడికిచ్చాడు. వాడూ కప్పు పగలగొట్టాలట. జనం అడుగుతున్నారట.

మా అచ్చాఫీసులో అచ్చయిన ఫారాలు పుస్తకాలకి మడిచే పని ఉంది. నీకు ఇస్తారేమో అడిగాను, ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం వెనకే వస్తున్నాను. కరపత్రం అనకు. ఇంకేమన్నా పడతాను.

నీ తమ్ముడు