మోడు మీది తెల్ల డబ్బా

జలాశయ పర్యవేక్షణ అధికారి గారి సముఖమునకు, ఐదో నంబరు తెడ్డు పడవకు అనుమతి పొందిన దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రాబోవు ఆదివారం జలాశయంలో పడవలు నిలిపివేయించుట గురించి.

1. మేము ఏడుగురం సెలవు రోజుల్లో జలాశయం తూర్పు మూలన గాలాలు వేసుకునేవాళ్ళం. చేపలు అమ్ముకునేవాళ్ళం కాము. పడితే ఇంటికి చేపలు తీసుకుపోతాం, పడకపోతే కబుర్లు. మాకు రాసిపెట్టుకున్న నిబంధనలు లేవు గానీ పాటించే పద్ధతులున్నవి. ముందు వచ్చి లంగరు వేసినవాడిదే ఆ పూటకు ఆ చోటు. లంగరు వేసిన పడవకు ఇరవై బారల దూరంలోనే మోటారు ఆపి, తెడ్డు వేసుకుంటూ రావలెను. ఎదుటివాడి దారం మీదుగా పోరాదు. నీళ్ళు తగ్గినప్పుడు, మునిగి ఉన్న మోడును మొదట చూసినవాడు దానికి గుర్తుగా నీళ్ళ మీద తేలే తెల్ల డబ్బా కట్టవలెను.

2. ఆ మోడు గురించి వేరుగా మనవి చేయవలసి ఉన్నది. జలాశయం కట్టకముందు అక్కడ ఉన్న చెట్టు తాలూకుది. ఇనుములాగా ఉంటుంది. ప్రస్తుతం దాని మీద జానెడు నీళ్ళున్నవి, పైకి ఏమీ కనబడదు. డబ్బాను కుడిచేతి వైపు వదిలి పోతే క్షేమం. పోయిన ఏడు వరకు ఈ డబ్బా ఎన్నడూ తప్పు చెప్పలేదు.

3. ఈ ఏడు సిమెంటు కొట్టు ఆయన పెద్ద మోటారు పడవ కొన్నారు. ఆయన మోటారు ఆపరు. మూడు వారాల క్రితం, మా ఏడుగురిలో ఒకడైన మా తమ్ముడు మూడు గాలాలున్న దారాన్ని పడవలోకి లాగుతున్నాడు. మొదటి గాలం చేతికి అందే వేళకు ఆయన పడవ ఆ దారం మీదుగా పోయింది. మోటారు రెక్క దారాన్ని చుట్టుకుంది. గాలం కుడి బొటనవేలిలో ఎముక దాకా దిగింది. మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. ఆ వేలు ఇక వంగదని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి మా తమ్ముడి కొట్టు తలుపు వేసే ఉన్నది.

ఆ రోజు నేను కేకవేస్తే సిమెంటు కొట్టు ఆయన వెనక్కి తిరిగి, "నీళ్ళకి హద్దురాళ్ళు పాతారా ఏంటయ్యా?" అని అడిగి వెళ్ళిపోయారు. ఆ మాట మా తమ్ముడు కూడా విన్నాడు.

4. తరువాత మా వల్ల ఒక పొరపాటు జరిగినది. దాచకుండా మనవి చేస్తున్నాను. ఆయనను మా మూలకు రాకుండా చేయాలని, అక్కడంతా బండలున్నవని, పడవ చీలిపోతుందని అందరం కూడబలుక్కుని చెప్పాము. ఆయన పొడుగాటి కర్ర తెచ్చి, డబ్బా ఉన్న చోటు తప్ప మూలంతా పొద్దస్తమానం నీళ్ళు పొడిచి చూశారు. ఒక్క బండా తగలలేదు. అది మొదలు మా మాట ఆయన చెవికెక్కదు.

5. పోయిన సోమవారం తెల్ల డబ్బా ఉన్న చోట లేదు. ఎవరో దాని తాడుకు రాయి కట్టి పదిహేను బారలు కుడివైపుకు జరిపి వేశారు. ఇప్పుడు దానిని కుడిచేతి వైపు వదిలి పోయే పడవ నేరుగా మోడు మీదికి పోతుంది. నేను రాయి విప్పి డబ్బాను మళ్ళీ మోడుకు కట్టాను. మర్నాటికి మళ్ళీ జరిగి ఉన్నది. ఈ విధంగా మూడుసార్లు అయినది. ఎవరు చేస్తున్నదీ నాకు తెలియదు. మిగిలిన ఐదుగురూ చూసి, ఎవరి చోట వాళ్ళు గాలాలు వేసుకున్నారు. మా అందరికీ మోడు ఎక్కడున్నదో కళ్ళు మూసుకున్నా తెలుసు. తెలియనిది ఒక్కరికే.

6. సిమెంటు కొట్టుకు వెళ్ళి ఆయనకు చెప్పాను. ఆదివారం తన మామగారిని పడవ ఎక్కిస్తున్నానని, పెద్దాయనకు ముందు కూర్చుని గాలి పీల్చుకోవడం ఇష్టమని, అందుకని కొత్త కుర్చీ బిగించానని చెబుతూ నాకు టీ ఇప్పించారు. డబ్బా సంగతి చెబితే నవ్వారు. "మనుషులు అబద్ధం చెప్తారు గానీ దర్జీగారూ, డబ్బా చెప్పదు కదా" అన్నారు.

కావున నీటి మట్టం చాలదనో, తూములు బాగుచేస్తున్నారనో, తమకు తోచిన ఏదో ఒక కారణం చూపి ఆదివారం ఒక్కరోజు పడవలు ఆపించవలసినదిగా ప్రార్థన. డబ్బా ఎవరు జరిపారన్న విచారణ మాత్రం అవసరం లేదు. దయతో శనివారం లోపల చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఐదో నంబరు పడవ దర్జీ

తా.క. ఈ అర్జీ తమ ఆఫీసులో గుమాస్తాగారికి ఇవ్వగా, వారంలో వచ్చినవన్నీ సోమవారం చూస్తారని చెప్పారు. అడుగున ఇది రాసి మళ్ళీ ఆయనకే ఇస్తున్నాను.

ఎవరు చేస్తున్నదీ తెలియదని పైన రాసింది అబద్ధం. డబ్బా తాడుకు రాయి కట్టిన ముడి మా ఇంటి ముడి. చిన్నప్పుడు నేనే నేర్పాను. ఇప్పుడది తిరగేసి ఉంది, కుడి బొటనవేలు పనిచేయని మనిషి ఎడమచేత్తో వేసినట్టు. నిన్న మా తమ్ముణ్ణి అడిగాను. "నీళ్ళకి హద్దురాళ్ళు లేవన్నాడుగా అన్నయ్యా. మరి డబ్బా ఎక్కడుంటే ఏం?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఆ మోడు పక్కనే లంగరు వేసి, దానికి అడ్డంగా పడవ పెట్టి కూర్చుంటానని వాడికి చెప్పాను. "నీకంత ధైర్యం లేదులే" అన్నాడు. ధైర్యం లేని మాట నిజమే. అయినా కూర్చుంటాను. లంగరు వేసిన పడవ కనిపిస్తే ఇరవై బారల దూరంలో మోటారు ఆపాలన్నది మా పద్ధతి.

సిమెంటు కొట్టు ఆయన ఇంతవరకూ ఒక్కసారీ ఆపలేదు.