బోరివోయ్ బాబాయి బండి

లిపోవా,
9 అక్టోబరు 1994.

ప్రియమైన వ్లాస్తా అక్కకు,

తమ్ముడు రదిమ్ నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ, ఇవానా, పిల్లలు, అందరం బాగానే ఉన్నాం. కోషిత్సెలో నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. వాపు తగ్గింది. డాక్టరు మెట్లు దిగొద్దన్నాడని గుర్తుచేస్తే, "నేలమాళిగలోంచి బంగాళాదుంపలు ఆయనొచ్చి తెస్తాడా?" అంటుంది. ప్లమ్ జామ్ సీసాలు నాలుగు నీ వాటాగా పక్కన పెట్టింది. దేశం రెండుగా చీలాక పడ్డ కొత్త సరిహద్దు దగ్గర ఆపేస్తారేమోనని ఒకటే బెంగ.

పాత రేసు బండి అమ్ముడుపోయిందా, వర్క్‌షాపు కప్పు వేయించావా అని కూడా అడిగావు. రెండూ కాలేదు. బోరివోయ్ బాబాయి గెలిచిన బండిని మా తమ్ముడు మళ్లీ బతికించాడని నీతో పనిచేసే నర్సులందరికీ చెప్పుకున్నానని రాశావు. ఆ ముక్క చదివాక నాలుగు రోజులు కలం పట్టలేకపోయాను.

పాత మోటారుసైకిళ్లు సేకరించే జర్మన్లు మూడేళ్లుగా మన ఊళ్లలో గడ్డికొట్టాలు కూడా వదలకుండా గాలిస్తున్నారు కదా. వేసవిలో ఎర్విన్ అనే ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. మన భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. 1954లో మన ఊరి పందెంలో బాబాయి గెలిచిన బండి నా దగ్గరుందని ఎవరో చెప్పారట. చూసి ముచ్చటపడ్డాడు. అయితే ఒక్క మాట అన్నాడు.

"ఆయన బతికే ఉన్నారు కదా. వచ్చి ఇది నాదేనంటే చాలు, కొంటాను."

బాబాయిని పిలుచుకొచ్చాను. ఎప్పుడో విరిగిన కాలు ఈడ్చుకుంటూ, జుట్టుకు నూనె రాసి దువ్వుకుని మరీ వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇదేనయ్యా. నా బండే," అన్నాడు.

ఎర్విన్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆఖరి మలుపు ఎలా తిప్పారు, అప్పుడు వాన పడుతోందటగా అంటూ గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. బాబాయి మొహం వెలిగిపోయింది. సెప్టెంబరు నెలాఖరుకు వచ్చి తీసుకెళతానని చెప్పి ఎర్విన్ వెళ్లిపోయాడు.

అక్కా, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది ఇదీ. అది బాబాయి బండి కాదు. పాడుబడ్డ మూడు బండ్ల సామాన్లు కలిపి నేను కట్టింది. ఇంజను మీద నంబరు కూడా నాన్న వాడిన ఇనుప అంకెల అచ్చులతో నేనే కొట్టాను. మొదట్లో పాత ఫొటో చూసి అచ్చం అలాంటిది కట్టాలన్న సరదా, అంతే. ఎవరో "అదేనా?" అంటే ఔనన్నాను. ఆ ఔను దగ్గరనుంచి వెనక్కి రాలేకపోయాను.

ఆ రోజు ఎర్విన్ వెళ్లాక, "బాబాయీ, ఈ బండి..." అని నోరు తెరిచాను.

"నోర్ముయ్ రా. నాకు తెలీదనుకున్నావా? నా బండి యాభై ఏడులోనే పాత ఇనుముకి అమ్మేశా. నా చేతుల్తో నేనే ఎత్తి తూకంలో పడేశా."

"మరి ఔనన్నావేం?"

"ఇన్నేళ్లలో ఆ మలుపు గురించి నన్నెవడన్నా అడిగాడా? పక్కింట్లోనే ఉన్నావు, నువ్వడిగావా? ఆయనడిగాడు." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఇప్పుడు నువ్వు నిజం కక్కావంటే దొంగవి నువ్వొక్కడివే కాదు, నేనూ."

ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. చివరికి ఇవానాకు చెప్పాను. "చెప్పెయ్. కప్పు కారితే బకెట్లు పెట్టుకుందాం," అంది.

చెప్పేస్తున్నానని ముందు బాబాయికే చెప్పాను. మొహాన తలుపేశాడు.

ఎర్విన్ ట్రైలరు తీసుకుని వచ్చిన రోజు వాకిట్లోనే ఆపి అంతా చెప్పాను. తప్పు నాదే, ముసలాయనకు చూపు సరిగ్గా ఆనదు, పొరబడ్డాడు అన్నాను. బండి కట్టడానికి తీసిన తాళ్లు ఎర్విన్ మళ్లీ ట్రైలరులో పడేశాడు.

"అయితే ఆ పందెం గెలిచినట్టు చెప్పిందీ అలాంటిదేనా?"

"అయ్యో, కాదండీ! నిజంగా గెలిచాడు. ఊరంతా చూసింది."

"ఆ మాటా మీరే చెప్తున్నారా?" అన్నాడు. అంతే, ఖాళీ ట్రైలరుతో వెళ్లిపోయాడు.

సాయంత్రం బాబాయి తలుపు తట్టాను. తియ్యలేదు. లోపలినుంచే అడిగాడు.

"పోయాడా?"

"పోయాడు."

"నన్నేమన్నా అన్నాడా?"

"నిన్నేమీ అనలేదు. అంతా నా నెత్తిన వేసుకున్నాను."

గొంతు తగ్గించి, "నేను గెలిచిన సంగతి... అదన్నా నమ్మాడురా?" అన్నాడు.

"నమ్మాడు బాబాయీ. మనసారా నమ్మాడు," అన్నాను.

అప్పుడు తలుపు తీశాడు. లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. ఎర్విన్‌కు చెప్పడం మరిచిపోయిన ముక్క ఒకటుందట, ఆ ఆఖరి మలుపు గురించే. చేతులు తిప్పుతూ చెబుతూనే ఉన్నాడు. విన్నాను. ఆయన మొహంలోకి మాత్రం ఒక్కసారి కూడా చూడలేకపోయాను.

తిట్టాలనిపిస్తే తిట్టు అక్కా. జవాబు మాత్రం రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు
రదిమ్