విషానికి పగలని పళ్లెం

3 మార్చి 1938, గురువారం
దొరికింది! జుమేరాత్ బజార్‌లో, గురువారం సంతలో, తుప్పు తాళాల కుప్ప వెనక. లేత అరటాకు రంగు పింగాణీ. మధ్యలో చేప బొమ్మ, వేలితో తడిమితే గాని తెలియదు. ఏదో నవాబు దేవిడీలో, ఆ మహల్ వంటింట్లో ఉండేదట. పాత సామాన్ల ఖాదర్ భాయ్ గొంతు తగ్గించి— "గోరీ పళ్లెం సాబ్. జహర్ కలిపిన కూడు పెడితే ఫట్‌మని పగుల్తది. నవాబులు దీంట్లనే తినేటోళ్లు." బేరమాడటం కూడా మరిచాను. హుస్సేనీ ఆలంలో మా ఇంటి దాకా గుండెకు హత్తుకునే నడిచాను.

4 మార్చి
మా వంటమనిషి రాజమ్మ లొల్లి. "గోరీనా? సమాధి పేరున్నదాన్ని ఇంట్లకెట్ల తెస్తివయ్యా? పైంగ ఎవరెవరి ఎంగిలో!" ఎంగిలి మీద నా ఉపన్యాసమంతా విని, "వంటింట్లకు మాత్రం రానియ్య" అంది. పళ్లెం పుస్తకాల బీరువాలో.

6 మార్చి, ఆదివారం
పొద్దున్నే ఈ గోరీ పళ్లేల మూఢనమ్మకం మీద వ్యాసం— కలం ఆగదే! పొయ్యి ముందు ఒళ్లు కాల్చుకునే వంటమనిషిని నమ్మరు, కాల్చిన మట్టిని నమ్ముతారు. ఇదీ మన దొరల తెలివి!
సాయంత్రం గ్రంథాలయం సభలో చదివి వినిపించాను. వకీలు నర్సయ్య, నా ప్రతి మాటకూ అడ్డం పడేవాడు, లేచాడు. "ముచ్చట్లెందుకన్నా? జహర్ పోసి చూపియ్యరాదు!"
"వచ్చే ఆదివారం చూపిస్తా!" అనేశాను. చప్పట్లు.

7 మార్చి
పగలకపోతే వాదం గెలుస్తాను. పగిలితే పళ్లెమూ పాయె, వాదమూ పాయె... పగలదు. పగలదు గాక పగలదు.

13 మార్చి, ఆదివారం
గ్రంథాలయం కిక్కిరిసింది. ఎలుకల మందు కలిపిన పప్పు నేనే వడ్డించాను. అందరూ ఊపిరి బిగబట్టి... ఏమీ కాలేదు! వెంట్రుకంత గీత కూడా లేదు! "చూశారా!" అని అరిచాను. ఇంత ఆనందం ఈమధ్య ఎరగను.
నర్సయ్య తాపీగా— "అయితే నీ పళ్లెం నకిలీదన్నా."
ఒకటే నవ్వు. నా పక్షం వాళ్లు కూడా!

14 మార్చి
నకిలీయా? వీళ్లకు కళ్లున్నాయా? ఆ రంగు చూశారా, గోటితో కొడితే ఎలా మోగుతుందో విన్నారా? అసలుదే. రుజువు? వాళ్ల లెక్కలో రుజువొక్కటే— పగలడం. ఒక్క క్షణం, పగిలి ఉంటే బాగుండేదనిపించింది. ఛీ!

17 మార్చి, గురువారం
ఖాదర్ భాయ్ బజారు వదిలి ఇంటికే వచ్చాడు. "నకిలీ మాల్ అమ్మిండని అందరు నవ్వుతున్నరు సాబ్. ఇజ్జత్ పోతున్నది. మీ పైసలు మీరు తీస్కోండి, పళ్లెం వాపస్ ఇయ్యండి."
నకిలీదైతే వాపస్ ఎందుకు? అసలుదని తెలిసి, పెద్ద గిరాకీ ఎవడైనా తగిలాడా? కానీ అతని కళ్లలో నీళ్లున్నాయే. ఆ నీళ్లు నిజమైతే? ఇచ్చేస్తే నకిలీ అని నేనే ఒప్పుకున్నట్టు. ఉంచుకుంటే— ఏ ఆధారంతో? నమ్మకంతోనా? నేనా?!
పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఈ డైరీ రాస్తున్నాను. వరండాలోంచి రాజమ్మ— "గాయన చాయ్ తాగుడు గూడ అయిపాయె. ఇస్తవా, ఇయ్యవా?"