ఇరవై ఒకటో కంచం

11-10-2008, శనివారం. చెన్నై ఎయిర్‌పోర్టు

పాస్‌పోర్టులో నా ఫొటో చూస్తే దొంగతనం చేసి దొరికినదానిలా ఉన్నాను. ఫొటోవాడు సరిగ్గానే తీశాడు.

రాజోలు మాణిక్యాలరావు గారి టూర్‌లో నేను వంటమనిషిని. కాశీ, రామేశ్వరం తిప్పే మనిషి ఈసారి మారిషస్ అన్నారు. కొబ్బరితోటల వాళ్లు పద్దెనిమిది మంది బయల్దేరారు. వాళ్లు చంద్రమండలానికి వెళ్లినా మధ్యాహ్నానికి పప్పు, పులుసు పడాల్సిందే. అందుకే నేను, రెండు రైస్ కుక్కర్లు, నాలుగు డబ్బాల ఆవకాయ. ఆయనతో, నాతో కలిపి మొత్తం ఇరవై మందిమి.

మా అత్త చిన్నమ్మలు అంతర్వేదిలో బస్సు దాకా వచ్చింది. ఇరవై ఐదో తారీకు మర్చిపోకమ్మా, ఈసారన్నా ఊఁ అను అంది. ఆయ్ అన్నాను. అనడానికేం.

12-10-2008

సముద్రం ఒడ్డున బంగళా ఇచ్చారు. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగడం లేదు. రాళ్లన్నీ నల్లగా, చిల్లులు చిల్లులుగా ఉన్నాయి. దీవి మొత్తం ఒకప్పుడు నిప్పేనట.

వంట బాగానే కుదిరింది. మాణిక్యాలరావు గారు కంచాలు లెక్కపెట్టి, ఇరవై ఒకటి పెట్టేవేంటమ్మా, ఒకటి ఎక్కువొచ్చింది అన్నారు. చేతి అలవాటండీ అన్నాను. ఇంటి దగ్గర ఇద్దరం ఉంటాం, మూడు పెడతాను. అబద్ధం కాదు.

13-10-2008

పొద్దున్న అగ్నిపర్వతం నోరు చూపించారు. పొగ, మంట ఉంటాయనుకున్నాను. చుట్టూ చెట్లు, అడుగున కాసిని నీళ్లు. మా టూర్‌లో వచ్చిన వెంకటరమణమ్మ గారు తొంగిచూసి, ఇంతోటిదానికి ఇంత దూరం రావాలా అండీ, మా చేపల చెరువు నయం కదూ అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. ఇది చావలేదండి, నిద్రపోతోంది అన్నాడు గైడు.

ఆ మాట నా గుండెలో దిగబడింది. పన్నెండేళ్లుగా నేను చెబుతున్నదీ అదే. రాలేదు, అంతే. చావలేదు.

తొంభై ఆరు నవంబరులో మా ఆయన వీరబాబు వేటకెళ్లిన బోటు తుఫానులో పోయింది. ఐదుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు. అలాంటివాళ్లకి పన్నెండేళ్లు ఎదురుచూసి, తర్వాత దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. తిథుల లెక్కన ఆ పన్నెండూ ఈ నెలకి నిండాయి. మరిది సూరయ్య చేస్తానంటున్నాడు. నేను ఊఁ అనాలి. బొట్టు, గాజులు తీయాలి. నేను అననంటున్నాను. ఊళ్లో అందరూ ఎంత భక్తో మొగుడంటే అని చెప్పుకుంటారు. అది వింటే నేను లేచి వెళ్లిపోతాను.

వ్యాను ఎక్కాక మాణిక్యాలరావు గారు తలలు లెక్కపెట్టారు. ఇరవై ఒకటి వచ్చింది. మళ్లీ పెట్టారు. ఇరవై ఒకటే. మూడోసారి ఇరవై. వయసైపోయిందమ్మా అని నవ్వేశారు. నేను కిటికీలోంచి చెరకుతోటలు చూస్తూ కూర్చున్నాను. వెనక సీటు వైపు తిరగలేదు.

14-10-2008

ఏడు రంగుల మట్టి. పులిహోర. ఇరవై ఒకటి.

15-10-2008, మధ్యాహ్నం మూడు

ఈ రోజు పడవ. డాల్ఫిన్లు చూపించి, లోతు తక్కువున్న చోట నీళ్లలోకి దింపుతారు. నేను రానండీ, వంట ఉంది అన్నాను. వెంకటరమణమ్మ గారు వింటేనా. చేపలోళ్ల పిల్లవి, నువ్వే లేకపోతే మాకు ధైర్యం ఎవరు చెప్తారే అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు.

పడవాయన పేరు అప్పాడూ. మనవాడే. ముత్తాత కోరంగి రేవులో ఓడెక్కాడట. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. గోవిందా అంటాడు, అమ్మా అంటాడు. మిగతాది గైడు చెప్పాడు.

అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. వెంకటరమణమ్మ గారు పట్టుచీర మీద కట్టుకుని ఫొటో దిగారు. నా చేతికి రెండు ఇచ్చాడు. ఒకటి చాలు అన్నాను. నా భుజం మీదుగా చూసి, ఆయనకి అన్నట్టు సైగ చేశాడు. తిరిగి చూశాను. నా వెనక బల్ల ఖాళీగా ఉంది. బల్ల మీద తడి ఉంది. పడవన్నాక తడి ఉండదా? ఉంటుంది. రెండో జాకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అందరూ ఎక్కినా పడవ కదలదు. అప్పాడూ ఒక పాత రేడియో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎండ కాస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇంకా ఏంటయ్యా ఆలస్యం అని మనవాళ్ల గొడవ. గైడు చెప్పాడు. రేడియోలో వాతావరణం వినకుండా ఈయన తాడు విప్పడు. వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. రేడియో లేని పడవ, కళ్లు లేని పడవ అంటాడట.

నేను పడవ దిగేశాను. మోకాళ్ల లోతు నీళ్లలో ఒడ్డుకి నడిచాను. జాకెట్టు ఇంకా నా చేతిలోనే ఉంది. వెనక నుంచి అందరూ పిలుస్తున్నారు.

సాయంత్రం ఐదు

ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. రాస్తున్నాను.

మా ఆయన సంచిలో తువ్వాలు, బీడీకట్ట, పాలిథిన్ కవరులో చుట్టిన రేడియో ఉండేవి. ఆ బోటు మొత్తానికి అదొక్కటే రేడియో. ఆ వారం ఒక నాటకం రెండో భాగం వస్తుంది. మొదటి భాగంలో ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లిపోయింది, ఏమైందో నాకు తెలియాలి. ఆయన మొహం కడుక్కుంటుంటే సంచిలోంచి రేడియో తీసి బియ్యం డబ్బాలో దాచేశాను. బరువు తేడా తెలియకుండా సంచిలో ఉల్లిపాయలు పెట్టాను. ఒక్క ట్రిప్పే కదా అనుకున్నాను.

నాటకం రాలేదు. తుఫాను కబురు వచ్చింది. వేటకెళ్లినవాళ్లు వెంటనే ఒడ్డుకి రావాలి అని చెప్పింది. ఆ పడవకి చెప్పాల్సిన మాట నాకు చెప్పింది, వంటింట్లో.

అందుకే ఊఁ అనను. ఆయన చచ్చిపోయాడని ఒప్పుకుంటే ఎవరు చంపారో కూడా ఒప్పుకోవాలి. భక్తి అట, భక్తి. నా మొహం.

17-10-2008

గంగాతలావ్ అని కొండ మీద చెరువు. అదీ అగ్నిపర్వతం నోరేనట, గంగే వచ్చి నిండిందని ఇక్కడివాళ్ల నమ్మకం. మనవాళ్లంతా నెత్తిన నీళ్లు చల్లుకున్నారు. సన్నగా జల్లు పడుతోంది. మెట్టు మీద కూర్చుని నీళ్లలో మొహం చూసుకున్నాను. నా మొహం పక్కన ఇంకో మొహం కనబడుతుందని భయపడ్డాను. కనబడలేదు. కనబడితే బాగుండు అని అప్పుడనిపించింది, ఏడుపొచ్చింది. వెంకటరమణమ్మ గారు కొంగుతో నా తల తుడిచారు.

కింద బజారులో ఫోన్ ఉంటే పక్కింటి రత్నానికి చేసి అత్తని పిలిపించాను. ఇరవై ఐదుకి సరే అన్నాను. బిల్లు తిరుగుతోందని పెట్టేశాను.

22-10-2008, అంతర్వేది

నిన్న వచ్చాను. ఈ పొద్దున్న అత్తకి చెప్పేశాను. రేడియో, బియ్యం డబ్బా, ఉల్లిపాయలు, అంతా. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

నాకు తెలుసే అంది.

ఆ రోజు ఆయన రేవుకి సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చాడట. బీడీకట్ట తీయబోతే ఉల్లిపాయలు తగిలాయట. దొడ్లో అత్త అంట్లు తోముతోంది. నేను లోపల రేడియో పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను, పాట వినబడుతోంది. తీసుకెళ్లరా అందట. ఉండనీలేవే అమ్మా, దానికి ఇంకేం సరదా ఉంది అన్నాడట. నవ్వుకుంటూ వెళ్లిపోయేడే అంది అత్త.

మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అని అరిచాను. చెప్తే నీ బరువు దిగిపోద్దని చెప్పలేదు అంది. నా కొడుకు పోయేడు, నువ్వు కొన్నాళ్లు ఏడవాలనుకున్నాను. తర్వాత చెబుదామంటే మొహం చెల్లలేదు. నేను మాత్రం, లోపలికెళ్లి ఆ రేడియో తెచ్చి వాడి చేతిలో పెట్టేనా ఏంటి అంది.

నాకు ఆవిడ గొంతు పిసకాలనిపించింది. పన్నెండేళ్లు ఒకే గదిలో పడుకున్నాం. మధ్యాహ్నం దాకా దొడ్లో కూర్చున్నాను. తర్వాత ఆవిడ మజ్జిగ కలిపి ఇస్తే తాగాను.

25-10-2008

అయింది. దర్భల బొమ్మ కుడిచేతి దగ్గర రేడియో పెట్టాను. ప్లాస్టిక్కమ్మా, పొగొస్తుంది అన్నారు పంతులు గారు. ఉండనివ్వండి బాబూ, వాడిదే అంది అత్త. సూరయ్య నిప్పు పెట్టాడు. నల్లటి పొగ సముద్రం వైపు పోయింది.

26-10-2008

రెండు కంచాలు పెట్టాను. అత్త లేచి వెళ్లి మూడోది తెచ్చింది.