మల్లన్న జుట్టు, బడి రూలు

12 జూన్ 1967, సోమవారం

తమ్ముణ్ణి బడిలో వేద్దామని పోయాను. తెల్ల షర్టు, నీలం నిక్కరు, నల్ల బూట్లు. అన్నీ వాళ్లు చెప్పినట్టే. వెనక మాత్రం నడుము దాకా రెండు జడలు.

హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మ గారు పెంటయ్యను ముందు నుంచి చూశారు, వెనక నుంచి చూశారు. ఆడపిల్లలకు స్కర్టు కదా, నిక్కరు వేశారేమిటి అన్నారు. అబ్బాయేనండీ అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మగపిల్లల జుట్టు కాలర్ మీద పడకూడదని యూనిఫాం రూల్స్‌లో ఉందట. వచ్చే సోమవారం లోగా క్రాపు చేయించి తెస్తే సీటు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ చేతిలో చాట కింద పడింది. బియ్యమంతా నేలపాలు.

నా తర్వాత అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. ఆ తర్వాతివాడు వీడు. పుట్టగానే నాయనమ్మ వీణ్ణి పెంటకుప్ప మీద పెట్టి, మళ్లీ తనే ఏరుకొచ్చుకుంది. పారేసిన పిల్లల్ని చావు ముట్టదట. అందుకే పెంటయ్య. అయిదేళ్లు నిండాక వచ్చే జాతరలో పుట్టువెంట్రుకలు ఇస్తానని కొమురెల్లి మల్లన్నకు మొక్కింది. అయిదు మొన్న ఏప్రిల్‌లో నిండాయి. జాతర సంక్రాంతి దాటాక. అంతలోపల కత్తెర తగిలితే పిల్లగాడు దక్కడంటుంది.

నాకు మొక్కుల మీద నమ్మకం లేదు. కానీ మూడోవాడు పోయినరోజు అమ్మ మొహం నాకు గుర్తుంది. అందుకే నాయనమ్మతో వాదించను.

13 జూన్

బాపు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. నిజాం కాలంలో చేరాడు. అప్పుడు షేర్వానీ తప్పదట. ఎండాకాలం కూడా గొంతు దాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కాడట. నౌకరి ఇచ్చినోడు తొడుగుమన్నది తొడగాలె, బడి ఇచ్చేటోడు తీయుమన్నది తీయాలె, గంతే, అన్నాడు రాత్రి. అయితే ముందుగాల నన్ను ఆ పెంట మీద పారేసి రా, గప్పుడు తీయి, అన్నది నాయనమ్మ. అన్నం ముట్టలేదు.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే, ఎవరి వైపూ చూడకుండా, నాకు బడి గావాలె, మొక్కు గావాలె, పిల్లగాడు గావాలె అన్నది. మా అమ్మ మాట్లాడదు. మాట్లాడితే ఇట్లా.

14 జూన్, బుధవారం

పొద్దున్నే బాపు పెంటయ్యను సైకిలెక్కించుకుని మెట్టుగూడలో కటింగ్ షాపుకు పోయాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

గంటకు తిరిగొచ్చారు. రెండు జడలూ అట్లాగే ఉన్నాయి. వాడి చేతిలో జిలేబీ పొట్లం. దుకాణం బంద్ ఉండె, అన్నాడు బాపు.

కటింగ్ షాపులు బంద్ ఉండేది మంగళవారం. ఇవాళ బుధవారం. ఎవరం అడగలేదు. నాయనమ్మ లేచి కంచం పెట్టుకుంది. బాపు మీద నాకెంత ప్రేమ పొంగిందో రాయాలంటే సిగ్గేస్తోంది.

16 జూన్

ఇంకోసారి బతిమాలదామని బడికి పోయాను. గేటు దగ్గర ఓ బుడ్డ సర్దార్జీ. నెత్తిన ముడి, ముడి మీద తెల్ల రుమాలు, ఒంటిమీద అదే యూనిఫాం. కాలర్ మీద ఒక్క వెంట్రుక లేదు. హమ్మయ్య, దారి దొరికిందనుకున్నాను.

పేరు హర్జీత్. తండ్రి హబ్సిగూడ దగ్గర లాబొరేటరీలో సైంటిస్టు. పక్కనే నిలబడ్డ వాళ్లమ్మతో నా హైదరాబాదీ ఉర్దూలో అంతా వెళ్లబోసుకుని, ఆ ముడి మావాడికీ కట్టొచ్చా అని అడిగాను. బహెన్‌జీ ఓపిగ్గా విన్నది. మరి జాతరలో తీసేస్తారా అని అడిగింది. అవునన్నాను. ఆమె హర్జీత్ ముడి మీద రుమాలు సరిచేసింది. వాళ్లలో జుట్టుకు కత్తెర తగలనివ్వరు కదా, అడగరానిది అడిగానా అని నాలో నేనే తిట్టుకున్నాను. చివరికి, ఇదీ దేవుడి కోసం పెంచిందే కదా అరుంధతీ, రేపు పిల్లాణ్ణి ఇంటికి తీసుకురా, కట్టడం నేర్పిస్తాను, అన్నది.

19 జూన్, సోమవారం

సీటొచ్చింది!

నెత్తిన ముడి, ముడి మీద రుమాలుతో నిలబడ్డ పెంటయ్య చుట్టూ సుగుణమ్మ గారు ఒక ప్రదక్షిణం చేశారు. హర్జీత్‌ది మతం, వీడిది మొక్కు, రెండూ ఒకటెట్లా అవుతాయి అన్నారు. మేడం, మీ రూలు కాలర్ గురించి, దేవుడి గురించి కాదు కదా అన్నాను. నా నోరు ఊరుకోదు. గోడకు అంటించిన రూల్స్ ఆమె మళ్లీ చదువుకున్నారు. వంగి కాలర్ చూశారు. నవ్వాపుకోలేక పెన్ను తీశారు. జాతర అయ్యాక మాత్రం అందరి లాగే ఉండాలని మాట తీసుకున్నారు.

ఇంట్లో నాయనమ్మ, మా పెంటిగాడు గింత సక్కగున్నడేందే అని, గబుక్కున నాలుక కరుచుకుని, థూ థూ అని దిష్టి తీసింది.

3 ఆగస్టు

తార్నాకలో అందరికీ వాడు ఛోటే సర్దార్. రోజూ నేనే రుమాలు కట్టాలి, అమ్మ కడితే వదులట. దాంతో కాలేజీలో నా ఫస్ట్ అవర్‌కు రోజూ లేటు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు రోజూ పరుగే.

9 నవంబర్

హర్జీత్ ఇంట్లో రోటీలు మరిగి, మన జొన్నరొట్టె గట్టిగున్నది అంటున్నాడు వెధవ.

15 జనవరి 1968, సోమవారం

కొంప మునిగింది. వచ్చే ఆదివారం కొమురెల్లి ప్రయాణం. పెంటయ్య జుట్టు ఇయ్యనంటున్నాడు. హర్జీత్ తీయడు, నేనూ తీయ. అదే పాట.

కత్తెర తగలొద్దని ఏడ్చిన నాయనమ్మ ఇప్పుడు కత్తి తగలాలని ఏడుస్తోంది. మొక్కు తప్పితే ఏమవుతుందో నోటితో అనదు. వాడి చెయ్యి మాత్రం వదలడం లేదు. ఎత్తుకపోయి తీయిద్దాం, పోరడు చెప్తె ఇనాల్నా, అన్నాడు బాపు. ఏడ్సుకుంట ఇస్తె మల్లన్న తీసుకోడు, అన్నది నాయనమ్మ. రుమాలు ఉపాయం నాదే. ఎవరూ నన్ను ఒక్క మాటనలేదు, తిట్టినా బాగుండేది.

18 జనవరి

బహెన్‌జీకి చెప్పుకున్నాను. సాయంత్రం హర్జీత్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. నాయనమ్మకు ఉర్దూ అంతంతమాత్రం, ఆమెకు తెలుగు సున్నా. అయినా ఒకే చాపమీద ఆనుకుని కూచున్నారు. ఆమె పెంటయ్యను ఒళ్లోకి లాక్కుని, మా ఇంట్లో తీయమని మాటిచ్చాం బేటా, మీ ఇంట్లో ఇస్తామని మీ దాదీ మాటిచ్చింది, అన్నది. వాడు తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు హర్జీత్, గుండు అయినా నా పక్కనే కూర్చుంటావు కదా అని అడిగాడు. వీడు కాస్త ఆలోచించి, కూర్చుంటా అన్నాడు. అయితే ఇచ్చేయ్ అన్నాడు వాడు. సరే అన్నాడు వీడు. అంతే! నాలుగు రోజులుగా పెద్దవాళ్లం తలలు బాదుకుంటున్నాం.

21 జనవరి, కొమురెల్లి

ఇచ్చేశాం. వాడు ఏడవలేదు. అమ్మ ఏడ్చింది. బాపు మల్లన్న ముందు రంగులతో వేసిన పట్నాల ముగ్గు వైపు చూస్తున్నట్టు నటించాడు.

22 జనవరి

రూల్స్‌లో గుండు గురించి ఏమీ లేదట. సుగుణమ్మ గారు ఆ గుండు నిమిరి లోపలికి పంపారు.

28 జనవరి, ఆదివారం

మధ్యాహ్నం, పెంటయ్య ఎక్కడున్నాడని రోజూ పదిసార్లు అడిగే నాయనమ్మ, ఇవాళ ఒక్కసారీ అడగకుండానే చాపమీద ఒరిగింది. గురక పెట్టింది. నాకు ఊహ తెలిశాక ఈ ఇంట్లో నాయనమ్మ గురక వినలేదు. అమ్మ కూడా పని ఆపి వచ్చి, గడపలో కూచుని వింటోంది.